డాబా మీద హీట్ పంపు గీజరు పెట్టించుకోవడం ఎలా?

బయటి గాలిలోని వేడితో నీళ్లు కాచే ఈ హీట్ పంపు ఇంటికొచ్చే రోజుకి సగం పని అయిపోయి ఉండాలి. మేం అది తెలియక ముందు మిషన్ కొన్నాం, చోటు తర్వాత వెతికాం. నలుగురు మనుషులు దాన్ని మెట్ల మీంచి మోసుకొచ్చి, చెమటలు తుడుచుకుంటూ "ఎక్కడ పెట్టమంటారు సార్?" అని అడిగారు. ఓవర్‌హెడ్ ట్యాంకు పక్కన ఖాళీ కనిపించింది. అక్కడే పెట్టించేశాం. మర్నాడు పొద్దున కింది అంతస్తులో అమ్మ బాత్రూమ్‌లో నల్లా తిప్పితే, బకెట్ మూడో వంతు నిండేదాకా చల్లనీళ్లే. మిషన్ తప్పేం లేదు. అక్కణ్ణుంచి ఇక్కడికి పైపు 24 మీటర్లు ఉంది, అంతే.

అందుకే దీన్ని మిషన్ దగ్గర కాకుండా చోటు, నీళ్లు, పైపుల దగ్గర మొదలుపెడుతున్నాను. హైదరాబాద్‌లో రెండు మూడంతస్తుల సొంత ఇల్లు, డాబా మీద ట్యాంకు, బోరు నీళ్లు ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. కోస్తాలోనో అపార్ట్‌మెంట్‌లోనో ఉన్నవాళ్లకి తేడా వచ్చే చోట ఆ మాట చెప్తాను. ఒక్కటి ముందే అనుకుందాం: ఇది మీరు స్క్రూడ్రైవర్ పట్టుకుని చేసే పని కాదు. ప్లంబరు, ఎలక్ట్రీషియన్, కంపెనీ టెక్నీషియన్, ముగ్గురూ కావాలి. ముగ్గురూ ఒకే రోజు రారు, ఒకరి పని ఇంకొకరికి పట్టదు. ఆ ముగ్గురి మధ్య జారిపోయే పనులు పట్టుకోవడమే మీ డ్యూటీ.

1. ముందు కాగితం మీద లెక్క

గీజరు కరెంటుతో వేడి పుట్టిస్తుంది. హీట్ పంపు బయటి గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్లలోకి తోస్తుంది. ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది కదా, లోపల కూరగాయల దగ్గర్నుంచి లాగిన వేడి అది. ఇక్కడా అదే పని, కాకపోతే మనకి కావాల్సింది ఆ వెనకవైపు వేడి. కంప్రెసర్ తిరగడానికి ఒక యూనిట్ ఖర్చయితే నీళ్లలోకి సుమారు మూడు, మూడున్నర యూనిట్ల వేడి చేరుతుంది. ఈ నిష్పత్తిని సీఓపీ అంటారు. గాలి వెచ్చగా ఉంటే అది పెరుగుతుంది, డిసెంబరు తెల్లవారుజామున తగ్గుతుంది.

లీటరు నీళ్లని ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక కిలోక్యాలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటు 860 కిలోక్యాలరీలకు సమానం. 200 లీటర్లని 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకి తేవాలంటే 6,000 కిలోక్యాలరీలు, అంటే 7 యూనిట్లు. గీజరుకైతే ఆ ఏడూ మీటర్లో తిరుగుతాయి. హీట్ పంపుకైతే రెండు, రెండున్నర మధ్య సరిపోతాయి.

ఇప్పుడు మీ ఇంట్లో వేడినీళ్లు నిజంగా ఎన్ని వాడుతున్నారో చూడండి. ఒంటికి హాయిగా ఉండే నీళ్లు 40 డిగ్రీల దగ్గర ఉంటాయి. 55 డిగ్రీల వేడినీళ్లు, 25 డిగ్రీల చన్నీళ్లు సగం సగం కలిపితే ఆ 40 వస్తుంది. బకెట్ స్నానమైతే మనిషికి 20 లీటర్లు, అందులో వేడివి పది. నలుగురికి 40 లీటర్లతో అయిపోతుంది. అలాంటి ఇంటికి హీట్ పంపు దండగ, ఉన్న 25 లీటర్ల గీజరే నయం. షవర్ అయితే కథ మారుతుంది. నిమిషానికి పది లీటర్ల చొప్పున ఎనిమిది నిమిషాలు నిలబడితే 80 లీటర్లు, అందులో వేడివి 40. నలుగురికి 160. దీనికి 200 లీటర్ల మిషన్ సరిపోతుంది. మీ షవర్ ఎంత పోస్తుందో తెలియకపోతే, దాని కింద బకెట్ పెట్టి ఫోన్‌లో టైమర్ నొక్కండి.

డబ్బు సంగతి. రోజూ 200 లీటర్లు వాడే ఇంట్లో రోజుకి ఐదు యూనిట్లు మిగులుతాయనుకోండి. బిల్లులో స్లాబు పైకెళ్లేకొద్దీ రేటు పెరుగుతుంది కాబట్టి మిగిలేది పై స్లాబులోని యూనిట్లే. ఆ రేటు 9 రూపాయలనుకుంటే నెలకి 1,350 మిగులుతాయి. కానీ మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో వేడినీళ్లు ఎవరికి కావాలి? ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి. ఏడాదిలో ఎనిమిది నెలలే లెక్కేస్తే 10,800. మంచి మిషన్ లక్ష దాటుతుంది. దానికి బదులు పెట్టాల్సిన మూడు గీజర్ల ఖర్చు తీసేసినా, డబ్బు వెనక్కి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. షోరూమ్‌లో "రెండేళ్లలో రికవరీ సార్" అంటే నవ్వి ఊరుకోండి. పెద్ద కుటుంబం, పీజీ హాస్టల్, అద్దెకిచ్చే గదులు ఉన్నవాళ్లకి మాత్రం ఆ మాట నిజమయ్యే అవకాశం ఉంది. ఇంకో లాభం కూడా ఉంది. మూడు గీజర్లు ఒకేసారి వేస్తే ఆరు కిలోవాట్ల లోడు పడుతుంది, హీట్ పంపు కంప్రెసర్ ఒక కిలోవాట్‌కి అటూ ఇటూ మాత్రమే లాగుతుంది.

దానికి తగ్గ లోపం కూడా ఉంది. చల్లటి ట్యాంకు పూర్తిగా వేడెక్కడానికి రెండున్నర, మూడు గంటలు పడుతుంది. పొద్దున్నే పదిమంది చుట్టాలు దిగితే ఏడో మనిషి దగ్గర నీళ్లు చల్లబడతాయి. అందుకే లోపల సాయానికి కరెంటు కాయిల్ కూడా ఉన్న మోడల్ తీసుకోండి. రోజూ దాన్ని ఆపే ఉంచండి.

2. ఏ రకం తీసుకోవాలి

ట్యాంకు, దాని నెత్తిన కంప్రెసర్ ఒకే ముక్కగా వచ్చేది ఒకటి. ట్యాంకు ఒక చోట, ఏసీ అవుట్‌డోర్ లాంటి యూనిట్ ఇంకో చోట ఉండే స్ప్లిట్ రకం ఇంకోటి. డాబా ఉన్న ఇంటికి మొదటిది సులువు, వేడిని మోసే గ్యాస్ (ఫ్రిజ్‌లో ఉండేలాంటిది) పైపులు కలిపే పనే ఉండదు. అపార్ట్‌మెంట్‌లో యూటిలిటీ బాల్కనీ మాత్రమే ఉంటే స్ప్లిట్ నయం. స్ప్లిట్ బిగించేటప్పుడు వ్యాక్యూమ్ పంపు పెట్టి పైపుల్లో గాలి లాగేశాకే గ్యాస్ వదలాలి. కొంతమంది ఆ పంపు మోసుకు రావడానికి బద్ధకించి, కాస్త గ్యాస్ వదిలి గాలి తోసేశామంటారు. ఒప్పుకోకండి. లోపల తేమ మిగిలితే కంప్రెసర్ బతకదు.

గ్యాస్ పేరు ప్లేటు మీద రాసి ఉంటుంది: ఆర్-134ఎ, ఆర్-410ఎ, ఆర్-32, ఆర్-290. చివరిది ప్రొపేన్. పర్యావరణానికి అన్నిటికంటే మంచిది, కానీ మండే గుణం ఉంది. అదైతే మూసిన గదిలో, స్టవ్ దగ్గర పెట్టకూడదు.

ఇంకా ఒక్కటి అడగండి: "ఇది వానలో తడిసినా పరవాలేదా?" ఒకే ముక్కగా వచ్చేవాటిలో చాలావరకు ఇంటి లోపల పెట్టడానికి చేసినవి. ప్లేటు మీద ఐపీఎక్స్-4 అని ఉంటే చిందే నీళ్లు తట్టుకుంటుంది. లేకపోతే పైన రేకు వేయించాలి, నాలుగు పక్కలా గాలి ఆడేలా.

3. చోటు

ఖాళీ మిషన్ 80 నుంచి 100 కిలోలు ఉంటుంది. నీళ్లు నిండాక 300. ఆ బరువంతా రెండడుగుల వెడల్పు గుండ్రటి పీట మీద పడుతుంది. చదరపు మీటరుకి లెక్కేస్తే వెయ్యి కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే డాబాకి ఐఎస్ 875 అనే భారతీయ ప్రమాణం ప్రకారం ఇంజనీర్లు వేసుకునే లోడు చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. పెట్టగానే స్లాబు కూలుతుందని కాదు, కానీ గది నడిమధ్యన, స్లాబు గాల్లో ఉన్న చోట పెట్టకూడదు. కింది గదిలోకి వెళ్లి దూలం ఎటు పోతోందో చూడండి, పిల్లర్ ఎక్కడుందో చూడండి. ఆ దూలం మీదో, గోడ మీదో, పిల్లర్ నెత్తినో మిషన్ రావాలి. ఇల్లు కట్టిన మేస్త్రీ అందుబాటులో ఉంటే ఒక్క ఫోన్ కొట్టండి.

చోటు దొరికాక నాలుగైదు అంగుళాల ఎత్తు కాంక్రీటు దిమ్మె కట్టించండి. వాన నీళ్లు నిలిచినా మిషన్ కాళ్లకి తగలకూడదు. స్లాబులోకి డ్రిల్లు పెట్టి బోల్టులు దిగ్గొట్టనివ్వకండి, వాటర్‌ప్రూఫింగ్ పోతే వచ్చే వానాకాలం కింది గది సీలింగు చెమ్మెక్కుతుంది. బోల్టులు దిమ్మెలోనే పోత పోసేటప్పుడు పెట్టించుకోవాలి. రసమట్టం పెట్టి దిమ్మె సమంగా ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. మిషన్ ఒరిగితే లోపల ఊరే నీళ్లు డ్రెయిన్ వైపు కాకుండా ఇంకోవైపు పోతాయి.

కోస్తావాళ్లు గాలి సంగతి కూడా చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న విశాఖలో హుద్‌హుద్ చూసినవాళ్లకి డాబా మీది సామాను ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పిట్టగోడకో పిల్లర్ ఊచలకో స్టీలు తీగతో మూడు వైపులా కట్టించండి. సముద్రపు ఉప్పుగాలికి, గాలిలోంచి వేడి లాగే కాయిల్ మీది పలచటి అల్యూమినియం రెక్కలు తినేసినట్టు పాడైపోతాయి కాబట్టి పూత ఉన్న కాయిల్ అడిగి తీసుకోండి.

ఇంక గాలి. మిషన్ ఒకవైపు నుంచి వెచ్చని గాలి పీల్చి ఇంకోవైపు చల్లగాలి వదులుతుంది. వదిలిన చల్లగాలే మళ్లీ లోపలికి పోతే సీఓపీ పడిపోతుంది. చుట్టూ ఎంత ఖాళీ వదలాలో కంపెనీ పుస్తకంలో బొమ్మ ఉంటుంది, అది ప్రింట్ తీసి మేస్త్రీకి ఇవ్వండి. ఇంట్లో స్టోరు రూములో పెట్టాలంటే గది పెద్దదిగా ఉండాలి, కనీసం పదడుగుల పొడవు వెడల్పు. లేదంటే తలుపుకి జాలీలు పెట్టించాలి. వంటింటి చిమ్నీ గొట్టం బయటికి తెరుచుకునే చోట అసలు వద్దు, నూనె జిడ్డు రెక్కలకి పట్టిందంటే వదలదు. బట్టలు ఆరేసే తీగ కింద కూడా వద్దు, నూగు లాక్కుంటుంది. హైదరాబాద్‌లో అందరూ మర్చిపోయేది పావురాలు. నెల రోజులు చూసుకోకపోతే ఫ్యాను పక్కన గూడు కట్టి గుడ్లు కూడా పెట్టేస్తాయి. మొదటి రోజే వల కట్టించండి, గాలికి అడ్డం రాకుండా పెద్ద కన్నాల వల.

చప్పుడు ఏసీ అవుట్‌డోర్ అంతే. కానీ రాత్రిపూట పడకగది నెత్తిన అయితే స్లాబు గుండా గుయ్యిమని దిగుతుంది. కాళ్ల కింద రబ్బరు ప్యాడ్లు వేయించండి. పక్కింటి కిటికీకి ఎదురుగా ఫ్యాను పెట్టి వాళ్లతో మాటలు పడకండి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది: బాత్రూమ్‌ల పైపులు దిగే డక్టుకి దగ్గరగా ఉండాలి. మేం తప్పింది ఇక్కడే. ముప్పావు అంగుళం సీపీవీసీ (వేడినీళ్లు తట్టుకునే ప్లాస్టిక్) పైపు మీటరుకి పావు లీటరు పైచిలుకు నీళ్లు పట్టుకుంటుంది. 24 మీటర్లంటే ఆరు లీటర్లు. ప్రతిసారీ ఆ ఆరూ చల్లారిపోయి ఉంటాయి, అవి బయటికొచ్చాకే వేడివి వస్తాయి. ఎక్కువగా వాడే బాత్రూమ్‌కి పైపు పది మీటర్లు దాటకుండా చూసుకోండి. దూరంగా ఉండిపోయిన బాత్రూమ్‌కి మేం తర్వాత చేసిన మార్గం ఒకటుంది, అక్కడ పాత చిన్న గీజరు తీసేయకుండా ఉంచి, హీట్ పంపు లైనుని దాని చన్నీళ్ల పాయింటుకి కలిపించాం. పైపులోని ఆరు లీటర్లు గీజరులోకి పోతాయి, బయటికి వేడివే వస్తాయి. వెనకాల వచ్చేవి ఎలాగూ వేడినీళ్లే కాబట్టి గీజరు ఎక్కువసేపు వెలగదు. అయితే ఆ గీజరు లోపలికొచ్చే 50 డిగ్రీల నీళ్లని తట్టుకునే రకమో కాదో దాని కంపెనీని అడిగాకే కలపండి.

4. మీ నీళ్లు ఎలాంటివి

తాగునీటికి ఐఎస్ 10500 పెట్టిన హద్దు చూస్తే, కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా సరే. బోరు నీళ్లు చాలా చోట్ల ఆ మొదటి హద్దు దాటేస్తాయి. బకెట్ అంచున తెల్లటి గార కడుతోందా? షవర్ కన్నాలు మూసుకుపోతున్నాయా? అయితే పరీక్ష చేయించండి. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటరు ఒక్కటే చాలదు, కాఠిన్యం విడిగా చూడాలి.

60 డిగ్రీలు దాటేకొద్దీ సున్నం వేగంగా విడిపోయి గట్టిపడుతుంది. ఈ విషయంలో హీట్ పంపు గీజరు కంటే మెరుగు, 50 డిగ్రీల దగ్గరే పనయిపోతుంది కాబట్టి. గ్యాస్ కాయిల్ ట్యాంకు బయటివైపు చుట్టి ఉన్న మోడల్ అయితే కాయిల్‌కి నీళ్లే తగలవు, గార బాధ ఇంకా తక్కువ. లోపలి కరెంటు కాయిల్‌కి మాత్రం తప్పదు.

ట్యాంకు లోపల గాజు పూత ఉన్న ఇనుమైతే అందులో మెగ్నీషియం రాడ్డు వేలాడుతుంటుంది. ట్యాంకుకి బదులు తను తుప్పు పడుతూ అరిగిపోవడమే దాని పని. అరిగాక మార్చకపోతే తర్వాతి వంతు ట్యాంకుదే. కాఠిన్యం తగ్గించే సాఫ్టెనర్ పెట్టుకున్నవాళ్లు "మాకు గార లేదు, ఇంకేం భయం" అనుకుంటారు. మెత్తబడిన నీళ్లలో ఆ రాడ్డు ఇంకా త్వరగా అరుగుతుంది. మొదటి ఏడాది చివర్లో ఒకసారి విప్పించి చూస్తే, మీ నీళ్లలో ఎన్నాళ్లొస్తుందో అంచనా దొరుకుతుంది. దిమ్మె కట్టించేటప్పుడే గుర్తుంచుకోండి, రాడ్డు పైకి లాగడానికి మిషన్ నెత్తిన జాగా ఉండాలి.

5. పైపుల పని

ఇక్కడ నిదానంగా చదవండి, ఎందుకంటే ఇంట్లో పెట్టే సోలార్, గీజరు, హీట్ పంపు, ఏదైనా గొడవలొచ్చేది ఇక్కడే.

చన్నీళ్లు మిషన్ ట్యాంకు కింది పాయింటుకి వెళ్తాయి, వేడినీళ్లు పై పాయింటు నుంచి వస్తాయి. చన్నీళ్ల వైపు వరస ఇలా ఉండాలి: ముందు బాల్ వాల్వు, తర్వాత ఇసుక పట్టే జాలీ ఉన్న స్ట్రెయినర్, తర్వాత నీళ్లని వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వు, తర్వాత విప్పి మళ్లీ బిగించగలిగే యూనియన్ జాయింటు, ఆపైన మిషన్. యూనియన్ పెట్టకపోతే రేపు మిషన్ విప్పాలంటే పైపు కోయాల్సిందే. వేడినీళ్ల వైపు కూడా ఒక యూనియన్. కిందన ట్యాంకు ఖాళీ చేయడానికి ఒక డ్రెయిన్ వాల్వు.

వేడి లైనుకి సీపీవీసీ గానీ పీపీఆర్ గానీ వాడండి. మామూలు తెల్ల యూపీవీసీ వేడికి మెత్తబడి వంగిపోతుంది. మిషన్ పాయింట్ల దగ్గర ఇత్తడి మరలున్న ఫిట్టింగే పెట్టించండి, ఉత్త ప్లాస్టిక్ మరలని బిగిస్తే వేడికీ చలికీ చిట్లుతుంది. సొల్యూషన్ పూసి అతికించాక ఆ రోజు నీళ్లు వదలకండి, ఒక రాత్రి ఆరనివ్వండి. ప్లంబరు "గంట చాలు సార్" అంటాడు. రాత్రంతా ఉంచితే పోయేదేముంది?

ఇప్పుడు చాలామంది ప్లంబర్లు కూడా దాటేసే సంగతి. వేడెక్కితే నీళ్లు ఉబ్బుతాయి. 200 లీటర్లు 25 నుంచి 55 డిగ్రీలకి వెళ్తే రెండు లీటర్లకు పైగా పెరుగుతాయి. మనం చన్నీళ్ల వైపు నాన్ రిటర్న్ వాల్వు పెట్టేశాం కాబట్టి వెనక్కి పోవడానికి దారి లేదు. ఆ రెండు లీటర్లకి మనమే దారి చూపించాలి. డాబా ట్యాంకు నుంచి నీళ్లు వాటంతటవే దిగే ఇంట్లో, కంపెనీ పుస్తకం ఒప్పుకుంటే, వేడి లైను పై కొస నుంచి ఒక వెంట్ పైపు తీసుకెళ్లి ఓవర్‌హెడ్ ట్యాంకు నీటిమట్టం కంటే అడుగున్నర పైకి లేపి, మూతి కిందికి వంచి తెరిచే ఉంచాలి. అదే పైపు ఇంకో మేలు కూడా చేస్తుంది, మిషన్ ట్యాంకు ఖాళీ అయ్యేటప్పుడు గాలి లోపలికి పోనిస్తుంది. గాలి పోకపోతే కిందికి జారే నీళ్లు ట్యాంకుని లోపలికి పీల్చి సొట్ట పెట్టగలవు. ప్రెషర్ పంపు ఉన్న ఇంట్లో వెంట్ పైపు కుదరదు, ఫౌంటెన్ అయిపోతుంది. అక్కడ ఎక్స్‌పాన్షన్ ట్యాంకు అనే చిన్న గుండ్రటి డబ్బా పెట్టించాలి.

మిషన్‌తో పాటు ఒక సేఫ్టీ వాల్వు వస్తుంది, ఒత్తిడి గానీ వేడి గానీ హద్దు దాటితే తెరుచుకుంటుంది. దాని నోటి నుంచి పైపు కిందికి వాలుగా, బయట కనిపించే చోటికి తీయాలి. ఆ పైపుకి వాల్వు పెట్టకూడదు, ప్లగ్గు కొట్టకూడదు. "చుక్కలు పడుతున్నాయి" అని ఎవరైనా దాన్ని మూసేస్తే, అది ట్యాంకు కాదు, బాంబు. చుక్కలు ఆగకుండా పడుతుంటే ఒత్తిడి ఎక్కడ పెరుగుతోందో చూడాలి.

ప్రెషర్ పంపు విషయం ఇంకొంచెం. పంపు చన్నీళ్ల లైనుకి మాత్రమే ఉండి వేడి లైను ఓవర్‌హెడ్ ట్యాంకు ఎత్తు మీదే నడిస్తే, మిక్సర్ దగ్గర చన్నీళ్లు గెలుస్తాయి. షవర్‌లో వేడినీళ్లు రావు, పైగా చన్నీళ్లు వేడి లైనులోకి ఎదురెక్కుతాయి. పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ ఒత్తిడి వస్తుంది. పై అంతస్తు బాత్రూమ్‌కి ఆ ట్యాంకు మూడు మీటర్ల ఎత్తులో మాత్రమే ఉంటుంది, అంటే అర బార్ కూడా లేదు. పంపు పెడితే, లైను వేడి చల్ల అని విడిపోక ముందే పెట్టాలి.

పాత ఇంట్లో గోడలు పగలగొట్టాలా అని టెన్షన్ అక్కర్లేదు. బాత్రూమ్‌లో గీజరు తీసేస్తే గోడకి రెండు పాయింట్లు కనిపిస్తాయి. వేడి పాయింటు గోడలోంచి మిక్సర్‌కి వెళ్తుంది. డక్టులోంచి కొత్త లైను తెచ్చి దానికి కలిపి, చన్నీళ్ల పాయింటుకి ప్లగ్గు కొడితే పని అయిపోయింది.

చివరగా పైపులకి నల్లటి నైట్రైల్ ఫోమ్ తొడగాలి, 13 మిల్లీమీటర్ల మందం అయినా ఉండాలి. డాబా మీద ఎండకి ఆ ఫోమ్ రెండు మూడు వేసవుల్లో పిప్పి అయిపోతుంది. పైన అల్యూమినియం టేపు చుట్టించండి. మోచేతుల దగ్గర, వాల్వుల దగ్గర ఖాళీ వదిలేస్తారు, అక్కడా చుట్టించండి. ఫోమ్ తొడిగే ముందే లీకేజీ చూసుకోవాలి.

6. కరెంటు

మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను రావాలి. లోడు మించితే లైను ఆపే 16 ఆంపియర్ల ఎంసీబీ, కరెంటు లీకైతే ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. దూరం ఎక్కువైతే 4. డాబా మీద మిషన్ పక్కనే వాన పడని డబ్బాలో ఒక ఐసొలేటర్ స్విచ్ ఉండాలి, రిపేరుకొచ్చినవాళ్లు కిందికి పరిగెత్తకుండా. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాట ఎత్తకండి.

ఎర్తింగ్ తప్పనిసరి. గొయ్యి ఎండిపోయిందేమో మీటరు పెట్టి చూపించమనండి. ఓల్టేజీ ఊగే కాలనీ అయితే స్టెబిలైజర్ కావాలా అని కంపెనీని అడగండి.

7. మిషన్ రాక, మొదటి రోజు

మెట్ల మీద పడుకోబెట్టి మోస్తే కంప్రెసర్ లోపలి ఆయిల్ గ్యాస్ పైపుల్లోకి పారుతుంది. వీలైనంత నిలువుగా తేవాలి. ఒరిగించక తప్పకపోతే, నిలబెట్టాక ఒక రోజంతా కదలకుండా వదిలేసి తర్వాతే కరెంటు ఇవ్వాలి. ఆ రోజే ఆన్ చేసి సంతకం పెట్టించుకుని పోదామని తొందరపడతారు, మీరు తొందరపడకండి.

ట్యాంకు నిండకుండా స్విచ్ వేయకూడదు. అన్నిటికంటే పైనున్న బాత్రూమ్‌లో వేడి నల్లా తెరిచి పెట్టి చన్నీళ్ల వాల్వు వదలండి. ముందు గాలి బుసకొడుతుంది, తర్వాత దగ్గుతూ చిమ్ముతుంది, చివరికి ధార సన్నగా ఆగకుండా వస్తుంది. అప్పుడు నిండినట్టు. ఐదు నిమిషాలు అలాగే పోనిచ్చి, స్ట్రెయినర్ జాలీ విప్పి కడగండి. ప్రతి జాయింటు మీద టిష్యూ కాగితం అద్ది చూడండి, కంటికి కనపడని తడి కాగితానికి తెలుస్తుంది.

ఆన్ చేశాక కంప్రెసర్ కొన్ని నిమిషాలు ఆగి మొదలవుతుంది. పావుగంటకి ఫ్యాను గాలి చల్లగా తగలాలి. డ్రెయిన్ పైపులోంచి నీటి చుక్కలు మొదలవుతాయి, గాలిలో తేమ అది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల రోజుకి కొన్ని లీటర్లు రావచ్చు. ఆ పైపు వాలు సరిగ్గా ఉండి పూలకుండీలోకో డ్రెయిన్‌లోకో పోవాలి. పక్కింటి గోడ మీదికి కాదు. మొక్కలకి పోయండి, ఇన్వర్టర్ బ్యాటరీలో మాత్రం పోయకండి.

ఇప్పుడు మీ చేతిలోనే ఉన్న పరీక్ష. ఆన్ చేసే ముందు ట్యాంకు ఉష్ణోగ్రత, కరెంటు మీటరు రీడింగు ఫోటో తీయండి. వేరేవేవీ వాడకండి, ఫ్రిజ్ కూడా ఆపండి. మిషన్ తనంతట తాను ఆగాక మళ్లీ రెండూ చూడండి. లీటర్లని, పెరిగిన డిగ్రీలతో గుణించి, 860తో భాగించి, వచ్చినదాన్ని ఖర్చయిన యూనిట్లతో భాగించండి. 200 లీటర్లు 26 నుంచి 52కి పెరిగి 1.8 యూనిట్లు తిరిగాయనుకోండి, సుమారు 3.4 వస్తుంది, మొదట్లో చెప్పిన సీఓపీ ఇదే. బాగున్నట్టే. 2 కంటే తక్కువొస్తే, కరెంటు కాయిల్ ఆన్‌లో ఉండిపోయిందేమో చూడండి. నూటికి తొంభై సార్లు అదే ఉంటుందని మా టెక్నీషియన్ అంటాడు, మా ఇంట్లో అదే జరిగింది కూడా.

8. రోజూ వాడేటప్పుడు

టైమర్ మధ్యాహ్నం పదకొండు నుంచి మూడు మధ్య పెట్టండి. గాలి అప్పుడే వెచ్చగా ఉంటుంది, అదే వేడికి కరెంటు తక్కువ పడుతుంది. పీఎం సూర్య ఘర్ కింద డాబా మీద సోలార్ పలకలు పెట్టించుకున్నవాళ్లకి అదే సమయంలో సొంత కరెంటు దండిగా ఉంటుంది. ట్యాంకు చుట్టూ ఫోమ్ ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం కాగిన నీళ్లు మర్నాడు పొద్దుటికి కొద్ది డిగ్రీలే తగ్గుతాయి. ఆదిలాబాద్, లంబసింగి వైపు చలికాలపు రాత్రుళ్లు నడిపితే కాయిల్ మీద మంచు పేరుకుంటుంది, మిషన్ ఆగి దాన్ని కరిగించుకుని మళ్లీ మొదలవుతుంది. పాడైందని కంగారుపడకండి.

రోజూ 50, 52 డిగ్రీలు చాలు. కానీ వారానికొకసారి 60కి పెంచాలి. గోరువెచ్చటి నిల్వ నీళ్లలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, షవర్ తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా తెస్తుంది. చాలా మోడళ్లలో దీనికి ఆటోమేటిక్ సెట్టింగు ఉంటుంది, ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఆ రోజు ఇంట్లో అందరికీ చెప్పండి, 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే కాల్చేస్తాయి. పిల్లల బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేడినీళ్లు.

ఆరు నెలలకోసారి సేఫ్టీ వాల్వు మీట ఒక్కసారి ఎత్తి వదలండి, నీళ్లు చిమ్మి ఆగాలి. రెక్కల మీది దుమ్ము మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి దులపండి, అడ్డంగా రుద్దితే వంగిపోతాయి. వేసవిలో రెండు నెలలు మిషన్ ఆపేసి ఉంచితే, మళ్లీ మొదలుపెట్టే రోజు ముందు 60 డిగ్రీలకి కాగనిచ్చి, బాత్రూమ్ కిటికీ తెరిచి, ప్రతి వేడి నల్లా ఒక నిమిషం వదిలేశాకే స్నానానికి వాడండి.